కనిపెట్టిన ఏడు, ఇంటికొచ్చిన ఏడు

మా పెద్దమ్మ చదివింది ఏడో తరగతి. చెప్పింది ఐదు వందల ఏళ్ల సైన్సు చరిత్ర. సోమవారాలు తప్పించి, రోజుకు ఆరుసార్లు చొప్పున ఇరవై మూడేళ్లు చెప్పింది.

పాత ధాన్యపు గిడ్డంగి ఒకదాన్ని బాగుచేసి అందులో సైన్సు మ్యూజియం పెట్టారు. పై అంతస్తులో ఒక పొడుగాటి వరండా ఉండేది. గోడ వారగా, వరసగా గాజు పెట్టెలు. మొదటి దాంట్లో చెక్క అచ్చుయంత్రం, చివరి దాంట్లో భూమి చుట్టూ తిరిగిన గుండ్రటి ఉపగ్రహం నమూనా. మధ్యలో దుర్భిణి, లోలకం గడియారం, సూక్ష్మదర్శిని, ఆవిరి యంత్రం, టెలిగ్రాఫు తంతి, ఎక్సరే, రేడియో. ప్రతి పెట్టె కిందా ఒక ఇత్తడి రేకు, దాని మీద రెండు ముక్కల వివరం, అది కనిపెట్టిన ఏడు. ఒక చివర నుంచి ఇంకో చివరకు నూట ఎనభై అడుగులు. పెద్దమ్మ నడిచి లెక్కపెట్టింది.

అయితే ఆవిడ చేరింది ఆ పనికి కాదు. కింద గేటు దగ్గర టికెట్లు చింపే పనికి.

ఆ పనికి ఎందుకు చేరిందో ముందు చెప్పాలి. పెద్దమ్మకు ఒక కూతురు ఉండేది. నేను పుట్టకముందే పోయింది. నాలుగేళ్ల పిల్ల. గురువారం సాయంత్రం జ్వరం, గొంతు నొప్పి అంది. పెద్దమ్మ ఆస్పత్రికి వెళ్దామంది. పెదనాన్న లేతు మిషను మీద పనిచేసేవాడు. ఒక కార్ఖానాలో, వెంట్రుక వాసి తేడా రాకుండా ఇనుము చెక్కే మనిషి. "గొంతు నొప్పికి ఆస్పత్రేంటి? శనివారం నాకు ఒంటిపూటే కదా, అప్పటికీ తగ్గకపోతే తీసుకెళ్దాం" అన్నాడు. శనివారం మధ్యాహ్నానికి పిల్ల మెడ వాచిపోయి, ఊపిరి గరగరలాడుతోంది. ఆస్పత్రిలో చేర్చుకున్నారు, ఏదో ఇంజెక్షన్ పొడిచారు. ఆదివారం పొద్దున్నే పోయింది. కంఠసర్పి అన్నారు, డిఫ్తీరియా.

"ఆ జబ్బుకు మందు లేదట" అని పెదనాన్న అందరికీ చెప్పాడు. చూడవచ్చిన చుట్టాలు కూడా అదే మాట పట్టుకుని వెళ్లారు. మందే లేనప్పుడు ఎవరేం చేస్తారు? రాత అనుకున్నారు. పెద్దమ్మ కూడా అనుకుంది. రెండేళ్లు ఇంట్లో గోడల్ని చూస్తూ కూచుంది. చివరికి మా అమ్మే పట్టుబట్టి, పదిమందిలో ఉంటే కుదుటపడుతుందని, గేటు దగ్గర పని ఉందని తెలిసి పంపించింది.

వరండాలో వచ్చినవాళ్లకు వివరించడానికి వేరే ఒకాయన ఉండేవాడు. బక్కపల్చటి మనిషి, మంచి గొంతు, విడవని దగ్గు. ఆయన చెప్పేదంతా మెట్ల మీదుగా కిందికి వినిపించేది. ఒకరోజు ఆయన రాలేదు. ఆరోజే స్కూలు బస్సులు మూడు వచ్చి ఆగాయి. మ్యూజియం నడిపే పెద్దసారు చేతులు నలుపుకుంటూ మెట్ల దగ్గర నిలబడ్డాడు.

"నేను చెప్పనా సార్?" అంది పెద్దమ్మ.

"నువ్వా? నీకేం తెలుసమ్మా?"

"నాలుగేళ్లుగా వింటున్నాను సార్. ఆయన ఎక్కడెక్కడ దగ్గుతాడో కూడా తెలుసు నాకు."

పెద్దసారుకు నవ్వొచ్చింది. వేరే దారి కూడా లేదు.

పెద్దమ్మ పిల్లల్ని పైకి తీసుకెళ్లింది. పేర్లు ఆవిడకు నోరు తిరగవు. అందుకని అందర్నీ 'ఈయన', 'ఆయన' అని ఇంటిమనుషుల్లా చెప్పుకుపోయింది. "ఈయన ఈ గొట్టం పట్టుకుని ఆకాశంలోకి చూశాడు. చూసి ఊరుకోవచ్చు కదా, చూసింది చెప్పాడు. చెప్పినందుకు ఇంట్లోంచి కదలొద్దన్నారు." "భూమి తిరుగుతోందంటే అప్పట్లో ఎవరూ నమ్మలేదు. మీ నాన్న గిన్నెలు కడిగాడంటే మీ వీధిలో ఎవరైనా నమ్ముతారా? అలాగే." పిల్లలు పగలబడి నవ్వారు. గాలి తీసేసిన రెండు ఇనుప చిప్పల్ని అటొకడు ఇటొకడు పట్టుకుని లాగారు, ఊడిరాలేదు. "అప్పట్లో అటూ ఇటూ గుర్రాలు కట్టి లాగితేనే ఊడలేదురా నాయనా, నీకు ఊడుతుందా!"

అలా సూక్ష్మక్రిముల పెట్టె దాటారు. తర్వాతి పెట్టెలో కదిలేది, తిరిగేది ఏదీ లేదు. ఒక గాజు సీసా, ఒక పాతకాలపు సూది, ఒక గుర్రం బొమ్మ. దగ్గుల ఆయన దాని దగ్గర ఎప్పుడూ ఆగేవాడు కాదు. అందుకని పెద్దమ్మకు దాని సంగతి తెలీదు. ఒక పాప వేలు చూపించి, "ఇదేంటండీ?" అంది.

పెద్దమ్మ వంగి రేకు మీద రాసింది పైకి చదివింది. "కంఠసర్పికి విరుగుడు. గుర్రం రక్తం నుంచి తీసిన మందు. పద్దెనిమిది వందల తొంభై."

మా పెద్దమ్మ కూతురు పోయింది పంతొమ్మిది వందల అరవై ఒకటిలో.

వెనక నలభైమంది పిల్లలున్నారు. పెద్దమ్మ నిటారుగా నిలబడి, "ఇది మందు" అని ఒక్క మాట చెప్పి, ఎక్సరే దగ్గరికి నడిచింది. ఆఖరి పెట్టె దాకా చెప్పింది. తర్వాతి బస్సుకూ చెప్పింది. మూడో బస్సుకూ చెప్పింది.

ఆ సాయంత్రం తిన్నగా మా ఇంటికి వచ్చిందట. అమ్మ నన్ను ఒళ్లో పెట్టుకుని తల దువ్వుతోంది. పెద్దమ్మ చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"డెబ్బయ్యొక్క ఏళ్లు. డెబ్బయ్యొక్క ఏళ్లు ఎక్కడ ఆగిపోయిందే అది?"

అమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక దువ్వెన పక్కన పెట్టి, "బావకి చెప్పావా?" అంది.

"చెప్పను. మందు లేదనుకునే ఆయన అన్నం తింటున్నారు. ఆ కాస్తా ఎందుకు తీసేయడం?"

దగ్గుల ఆయన ఆరోగ్యం బాగాలేక పని మానేశాడు. వరండా పెద్దమ్మదయింది. ఆవిడ మాత్రం ఆ ప్రశ్నను వదల్లేదు. ఒకరోజు పెద్దసారునే నిలదీసింది.

"ఇక్కడ కనిపెట్టిన ఏడే ఉంది సార్. జనం ఇంటికి ఎప్పుడొచ్చిందో ఎక్కడా లేదేం?"

ఆయన పూర్వం పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి. కళ్లజోడు తీసి తుడుచుకుని, "అది ఎవరూ రాసిపెట్టలేదమ్మా" అన్నాడు.

"అయితే నేనడిగి రాస్తాను."

నాలుగు గీతల పుస్తకం ఒకటి కొనుక్కుంది. వరండాలో నడిచేవాళ్లను అడిగేది. మీ ఇంట్లో దీపం బుడ్డి పోయి బల్బు ఎప్పుడొచ్చింది? గడియారం చూసి లేవడం ఎప్పుడు మొదలైంది? మీ ఇంట్లో మొదటి టీకా ఎవరికి వేశారు? కొందరు విసుక్కునేవారు. ఎక్కువమంది ఆగి చెప్పేవారు. అడిగే నాథుడు లేక కానీ, చెప్పుకోవడానికి అందరికీ ఏదో ఒకటి ఉంటుంది. ఒక చాకలాయన తన తాతకు ఇస్త్రీపెట్టె వచ్చిన సంగతి అరగంట చెప్పాడు. ఒక పెద్దావిడ అరవయ్యో ఏట కళ్లజోడు పెట్టుకుని మొదటిసారి తన మనవరాలి కనురెప్పల వెంట్రుకలు చూశానంది. కళ్లజోడు వరండాలోని అచ్చుయంత్రం కన్నా పాతకాలానిది, ఏ ఏడుదో పెద్దసారు చెప్పాడు. ఆ ఏడును పెద్దమ్మ పేజీలో ఇటువైపు రాసి, ఆ పెద్దావిడ కళ్లజోడు పెట్టుకున్న ఏడును అటువైపు రాసింది. మధ్యలో ఎన్నేళ్లో తీసివేసి చూసుకుని, "అబ్బో, నా దానికంటే ఇదే ఎక్కువ" అంది. ఓదార్పుగా అన్నదో, ఎగతాళిగా అన్నదో నాకు ఈనాటికీ తెలీదు.

ఒక ఊహ ఆవిడలో పాతుకుపోయింది. మందు ఎక్కడో పుట్టి, ఓడలెక్కి, రైళ్లెక్కి, గిడ్డంగుల్లో పడి, మన దాకా రాలేకపోయింది. తప్పు దారిది. దూరానిది. వరండాలో నడుస్తున్నప్పుడు మెల్లిగా, "ఎంత పొడుగున్నావే నువ్వు" అనుకోవడం నేను రెండుసార్లు విన్నాను.

మ్యూజియం పెట్టి పాతికేళ్లు నిండిన ఏడు, అక్కడ పనిచేసే వాళ్ల కుటుంబాలన్నిటినీ ఒక ఆదివారం పిలిచారు. పెదనాన్న అంతవరకు ఆ మెట్లు ఎక్కలేదు. నాకప్పుడు పదహారేళ్లు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులకు అంటిన నూనె మరక పోయేదాకా సబ్బుతో తోముకుని బయల్దేరాడు. నేను ఆయన పక్కనే నడిచాను.

మొదట బిడియంగా ఉన్నాడు. మరమేకులకు మర కోసే పాత లేతు నమూనా దగ్గరకు వచ్చేసరికి మనిషి మారిపోయాడు. గాజుకు ముక్కు ఆనించి చూశాడు.

"ఈ చక్రం తిరగేసి బిగించారే! ఇలాగైతే మర ఎడమవైపు పడుతుంది."

"ఇన్నేళ్లలో లక్షమంది చూశారు, ఎవరూ అనలేదు" అంది పెద్దమ్మ.

"లక్షమందీ లేతు మీద పనిచేయలేదు కదా!"

ఇద్దరూ నవ్వారు. వాళ్లిద్దరూ కలిసి నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. పెద్దసారు కూడా వచ్చి, "అయితే రేపే విప్పిస్తాను, మీరే వచ్చి బిగించాలి" అన్నాడు. పెదనాన్న ముఖం వెలిగిపోయింది.

ఆ తర్వాత ఆవిరి యంత్రం, తంతి, సూక్ష్మక్రిములు. ఆ పక్క పెట్టె దగ్గర పెద్దమ్మ చేసిన పని నేను గమనించాను. చెబుతూ చెబుతూనే వెనక్కి నడిచి, రేకు కనబడకుండా అడ్డంగా నిలబడింది. "ఇక ఇదిగో ఎక్సరే. ఈయన మొదట ఫోటో తీసింది పెళ్లాం చేతిని. ఉంగరంతో సహా ఎముకలు కనబడ్డాయి" అని చెయ్యి అటు చాపి చూపించింది. అందరూ అటు కదిలారు. పెదనాన్న కదల్లేదు.

"జరుగు" అన్నాడు.

"ఇందులో ఏమీ లేదండీ. సీసా."

"జరుగు."

పెద్దమ్మ జరిగింది. ఆయన వంగి చదివాడు. చదివి, అలాగే వంగి ఉండిపోయాడు. పెద్దమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"మనకు తెలీదు కదండీ. మన దాకా రానే లేదు. కనిపెడితే సరా, రావద్దూ..."

"నాకు తెలుసు" అన్నాడు పెదనాన్న.

ఆవిడ కూడా రేకు మీదికి వంగింది.

"ఆరోజు పొడిచింది అదే. ఆస్పత్రిలో ఉంది. ఎప్పట్నుంచో ఉంది. డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పాడు. నిన్న తెచ్చినా బతికేదన్నాడు." రేకు మీది అంకెల్ని చూస్తూనే చెప్పాడు, గొంతు పెంచలేదు. "అది వచ్చిందే. మనమే వెళ్లలేదు. నేను వెళ్లనివ్వలేదు."

పెద్దమ్మ చెయ్యి ఆయన మోచేతి మీదే ఉంది. తీయలేదు, బిగించలేదు. "మరి మందు లేదన్నారేం?" అంది.

"ఏమనను? నువ్వడుగుతావని పంతొమ్మిదేళ్లు చూశాను. గురువారం ఎందుకు తీసుకెళ్లలేదని ఒక్కసారైనా అడుగుతావని. అడగలేదు."

ఇంతలో ఎక్సరే దగ్గర నుంచి ఎవరో, "తర్వాత ఏంటమ్మా?" అని కేక వేశారు. పెద్దమ్మ వెళ్లింది. రేడియో చెప్పింది, విమానం చెప్పింది, ఉపగ్రహం దాకా చెప్పింది. ఎక్కడా తడబడలేదు. పెదనాన్న మెట్ల మీద కూచుని ఉన్నాడు. నేను నీళ్లు తెచ్చిస్తే గ్లాసు పట్టుకున్నాడు కానీ తాగలేదు.

ఆ తర్వాత మూడు వారాలు వాళ్లింట్లో మాటల్లేవు. ఆవిడ వండేది, ఆయన తినేవాడు. అమ్మ భయపడి రెండ్రోజులకోసారి నన్ను తోలేది. మూడు వారాలకు ఒకరోజు నేనక్కడ ఉండగానే వాన మొదలైంది. "కిటికీ వేయండి, జల్లు కొడుతోంది" అంది పెద్దమ్మ. పెదనాన్న ఒక్క ఉదుటున లేచి కిటికీ వేశాడు. గడియ పడ్డాక కూడా దాన్ని పట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డాడు.

వరండాలో చక్రం బిగించడానికి మాత్రం ఆయన మళ్లీ వెళ్లలేదు.

ఆ ప్రశ్నల పుస్తకం కూడా అంతటితో ఆగిపోయింది. అడిగితే, "ఇక చాల్లే, చేతి రాత కుదరడం లేదు" అంది. అప్పటికి ఆవిడకు నలభై ఏడేళ్లే.

ఆరేళ్లకు పెదనాన్నకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇనుపరజను అన్నారు. చివరి నాలుగు నెలలూ పెద్దమ్మ సెలవు పెట్టి దగ్గరుండి చూసుకుంది. చిన్న దగ్గు వచ్చినా, వేలు నొచ్చినా, ఆ క్షణమే రిక్షా పిలిచేది. "ఇంత చిన్నదానికి ఆస్పత్రా" అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. లేచి చొక్కా తొడుక్కునేవాడు. డాక్టర్లు చేయగలిగింది చేశారు. ఆయన పోయాడు.

పదో రోజు దాటాక, అమ్మ ఉండబట్టలేక అడిగింది. "అక్కా, బావని క్షమించావా?"

పెద్దమ్మ పెదనాన్న చొక్కాలు మడతపెడుతోంది. చేతులు ఆపకుండానే చెప్పింది. "ఎవర్నే క్షమించేది? శనివారం వెళ్దామన్నది ఆయన. సరేనన్నది నేను. ఆస్పత్రి రెండు మైళ్లు. పిల్లని భుజాన వేసుకుని నడవడానికి నాకు కాళ్లు లేవా? ఆయన తన మాట తలుచుకున్నాడు, నేను నా కాళ్లు తలుచుకున్నాను. ఇద్దరం ఒకే ఇంట్లో ఉండి, ఒకరికొకరం చెప్పుకోలేదు. అంతే." ఒక చొక్కా గుండీ ఊడి ఉంటే, ఇక ఎవరూ తొడుక్కోరని తెలిసి కూడా, సూది తెచ్చి కుట్టింది.

ఉద్యోగం అయిపోయిన ఏడే ఆవిడ మా వార్డు టీకాల నర్సమ్మ వెంట తిరగడం మొదలుపెట్టింది. జీతం లేదు, ఎవరూ పిలవనూ లేదు. బుధవారం పొద్దున్నే వెళ్లి ఆరోగ్య కేంద్రం అరుగు మీద కూచునేది. నర్సమ్మ చల్లటి పెట్టె భుజానికి తగిలించుకుని బయటికి రాగానే వెనకాలే నడిచేది. నర్సమ్మే తర్వాత నాతో చెప్పింది. మొదట చాదస్తపు ముసలావిడ అనుకుందట. నెల తిరిగేసరికి, ఆవిడ లేకుండా వెళ్తే ఏ ఇంట్లోనూ పని జరగడం లేదని తెలిసింది.

పెద్దమ్మ ఉపన్యాసాలు ఇవ్వలేదు. రోజూ వందలమంది ముందు మాట్లాడిన మనిషి గుమ్మాల ముందు మాత్రం మూగదానిలా ఉండేది. ఒక ఇంట్లో కొత్తగా తండ్రయిన కుర్రాడు, "ఇవాళ పనుంది, రేపు తీసుకొస్తాంలెండి" అన్నాడు. పెద్దమ్మ వాళ్ల మెట్టు మీద కూచుంది.

"సరే నాయనా. రేపటిదాకా ఇక్కడే ఉంటాను. నాకు వేరే పనేం లేదు."

అతను నవ్వాడు, విసుక్కున్నాడు, తలుపేసుకున్నాడు. నర్సమ్మ వీధి చివరి దాకా వెళ్లి తిరిగొచ్చింది. పెద్దమ్మ ఎండలో అక్కడే ఉంది. లోపల్నుంచి అతని భార్య మజ్జిగ తెచ్చిస్తే, "పిల్లని తెచ్చాక తాగుతానమ్మా" అంది. తెచ్చారు. పిల్ల ఏడుస్తుంటే పెద్దమ్మ పక్కకు తిరిగి నిలబడింది. సూది గుచ్చడం ఆవిడ ఎప్పుడూ చూడలేదట.

అన్ని తలుపులూ అలా తెరుచుకోలేదు. ఒక ఇంట్లో మొహాన నీళ్లు కొట్టారు. ఇంకో ఇంట్లో, "నీ పిల్లల్ని చూసుకో పో" అన్నారు. ఆ మాట అన్నవాళ్లకు ఏం తెలుసు? ఆరోజు పెద్దమ్మ మా ఇంటికి వచ్చి, మంచినీళ్లు తాగి, గోడవైపు తిరిగి పడుకుంది. మరుసటి బుధవారానికి మళ్లీ వెళ్లింది. ఏడేళ్లు వెళ్లింది, మోకాళ్లు మొరాయించేదాకా.

చివరి రోజులు మా ఇంట్లోనే గడిచాయి. నాకు కూతురు పుట్టినప్పుడు, ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, పక్క గదిలోంచి కర్ర నేలకేసి కొట్టేది, డాక్టరు దగ్గరికి పొమ్మని. నేను విసుక్కునేదాన్ని. విసుక్కుంటూనే వెళ్లేదాన్ని. పెద్దమ్మ డెబ్బై ఒకటో ఏట, ఒక మధ్యాహ్నం, భోజనమయ్యాక కునుకు తీస్తూ పోయింది.

ఆవిడ ట్రంకు పెట్టె సర్దుతూ, ఆ పాప ఫోటో ఏదైనా ఉంటుందేమోనని వెతికాను. లేదు. అమ్మను అడిగితే, అసలు తీయించలేదంది. ఫోటో స్టూడియో వాళ్ల వీధి మలుపులోనే ఉండేదట. ఐదో ఏడు వచ్చాక, ముందు పళ్లు ఊడకముందే తీయిద్దామని అనుకున్నారట.

ఆ ముఖం బాగా తెలిసినవాళ్లు ముగ్గురే. ఇప్పుడు మిగిలింది అమ్మ. అమ్మకు ఎనభై దాటాయి, జ్ఞాపకం జారిపోతోంది. ఎలా ఉండేదమ్మా అని అడిగితే, మొన్న గుండ్రటి ముఖం, నీలాగే అంది. నిన్న మళ్లీ అడిగాను. చాలాసేపు ఆలోచించి, కోలగా ఉండేదనుకుంటా, జుట్టు మాత్రం ఒత్తు, అంది.